దేవమాలి ఎక్కాలా, మహేంద్రగిరి ఎక్కాలా? గుంపుతో ఒక్కరోజు నడకకి డబ్బు కట్టే ముందు

దసరా సెలవులు దగ్గరపడేసరికి దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టర్లు తిరుగుతాయి. కొండ బొమ్మ, దాని మీద పెద్దక్షరాల్లో ఎత్తు, కింద తలకి ఇంతని రేటు, "టిఫిను, భోజనం, గైడు మావే" అన్న హామీ. ఎత్తు చూసి పేరు రాయించుకునేవాళ్ళే ఎక్కువ. ఆ అంకెకీ మన కాళ్ళు పడే కష్టానికీ చుట్టరికం తక్కువ. అడగాల్సిన ప్రశ్నలు వేరే రెండున్నాయి. బండి మనల్ని ఎంత ఎత్తులో దింపుతుంది? అందరికంటే వెనకబడ్డ మనిషి మళ్ళీ బండి దగ్గరికి ఎన్నింటికి చేరతాడు? ఈ రెండిటికీ జవాబు చెప్పలేని నిర్వాహకుడితో ఏ కొండకీ వెళ్ళక్కర్లేదు.

పెద్ద కొండ చిన్న నడక, చిన్న కొండ పెద్ద నడక

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. ఒడిశాలో దీన్ని మించిన శిఖరం లేదు. కోరాపుట్ జిల్లాలో, సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉంది. (తూర్పు కనుమలన్నిటికీ ఇదే పెద్దదని కొన్ని పోస్టర్లు కోస్తుంటాయి. ఆంధ్ర వైపు ఆర్మకొండ 1680 మీటర్లు ఉంది.) మహేంద్రగిరి గజపతి జిల్లాలో ఉంది, 1501 మీటర్లు. కాగితం మీద దేవమాలిది 171 మీటర్ల పైచేయి. నడకకొస్తే లెక్క తిరగబడుతుంది.

సెమిలిగుడ, సునాబెడ ఊళ్ళే దాదాపు 900 మీటర్ల మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి దేవమాలి శిఖరానికి బాగా దగ్గర దాకా బండి దారి ఉంది. పోస్టరు మీది 1672 చూసి డబ్బు కట్టినవాడు కాళ్ళతో ఎక్కేది ఒక్కోసారి ఆఖరి కాస్త ముక్కే. అమ్మమ్మనీ చంటిపిల్లనీ వెంటేసుకొచ్చిన కుటుంబానికి అది వరమే. ట్రెక్కని చెప్పి ట్రెక్ రేటు తీసుకుంటేనే పేచీ. కింది పల్లె దగ్గర దిగి, కాలిబాటన ఎక్కించే నిర్వాహకులూ ఉన్నారు. కొండ ఒకటే అయినా ఈ రెండూ వేర్వేరు సరుకులు, ధరలు పక్కపక్కన పెట్టి పోల్చకండి.

పర్లాకిమిడి సముద్రమట్టానికి నూటయాభై మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. మహేంద్రగిరి ఆ మైదానం అంచు నుంచే లేస్తుంది. కాబట్టి పాదం నుంచి నడిచేవాళ్ళకి కాళ్ళతో ఎక్కాల్సిన ఎత్తు దేవమాలి కంటే సులువుగా ఎక్కువవుతుంది. ఇక్కడా గుళ్ళ వైపు జీపు దారి ఉంది, వానలకి అది పాడైనప్పుడు డ్రైవర్లు సగంలోనే ఆపేస్తారు. "జీపులో సగం, నడక సగం" అన్న ప్యాకేజీ తీసుకుంటే ఏ సగమో రాయించుకోండి. ఆంధ్ర వైపు మందస నుంచి సవర గూడేల మీదుగా ఎక్కేవాళ్ళూ ఉంటారు. ఆ దారి తెలిసిన మనిషి ముందు నడవందే ఆ వైపు వద్దు.

ఊరి పేర్ల దగ్గర ఒక చిక్కుంది. గజపతి జిల్లాలోనూ రాయగడ అనే బ్లాకు ఉంది, మహేంద్రగిరి ఆ బ్లాకులోదే. మన రాయగడ జిల్లా కేంద్రానికీ దానికీ సంబంధం లేదు. పోస్టరు మీద "రాయగడ నుంచి ప్రారంభం" అని ఉంటే ఏ రాయగడో అడగండి. బస్సు ఖర్చూ, ఒక రాత్రి నిద్రా రెండూ ఆ జవాబు మీదే ఉన్నాయి.

పైన ఏముంటుంది

దేవమాలి పైభాగం చెట్లు లేని గడ్డి వీపు. పొద్దున్నే వెళ్తే మబ్బు కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుంది. అదృష్టం బాగోకపోతే ఆ మబ్బులోనే నిలబడి పక్క మనిషి మొహం తప్ప ఏమీ చూడరు. గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. వెయ్యి మీటర్లకి ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుందనేది మామూలు లెక్క. ఆ ప్రకారం సెమిలిగుడ కంటే శిఖరం ఐదు డిగ్రీలు చల్లగా ఉండాలి, గాలి కలిస్తే ఒంటికి తెలిసేది ఇంకా ఎక్కువ. డిసెంబరు తెల్లవారుజామున పలచటి చొక్కాతో ఎక్కినవాళ్ళు సూర్యోదయం చూడరు, జీపులో దుప్పటి కప్పుకుని కూర్చుంటారు.

మహేంద్రగిరి దారి పొడవునా అడవి. పైన పాండవుల పేర్లతో పిలిచే రాతి గుళ్ళు: కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి. భీముడిది చూడ్డానికి చిన్న గుడే, పేర్చిన రాళ్ళు మాత్రం భారీవి. ఇంత రాయి ఇక్కడికెలా చేరిందా అని చేత్తో తడిమి చూడని మనిషి ఉండడు. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం ఇక్కడుంది. గోకర్ణేశ్వరుడిగా శివుణ్ణి గంగ రాజులు కొలిచిన చోటు ఇది. పరశురాముడు తపస్సు చేస్తున్నాడని చెప్పే కొండ కూడా ఇదే. పర్లాకిమిడి మీదుగా పారే మహేంద్రతనయ పేరే చెబుతుంది, ఏ కొండ కూతురో.

విశాలంగా కనిపించాలంటే దేవమాలి. నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి కనబడుతూ ఉండాలంటే మహేంద్రగిరి. నడవడానికే వెళ్ళేవాళ్ళకి మా ఓటు రెండోదానికి. దేవమాలి చెమటోడ్చి ఎక్కాక పైన కార్లు ఆగి పాటలు మోగుతుంటే ఆ ఉత్సాహం కాస్త చప్పబడుతుంది, దాచడమెందుకు.

నియంగిరి పేరు కూడా కొన్ని పోస్టర్ల మీద కనిపిస్తోంది. దాన్ని ఈ పోలికలోకి తేలేదు. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కొంధులకి ఆ కొండ నియమరాజు, అంటే దేవుడు. 2013లో 12 గ్రామసభలు బాక్సైటు తవ్వకాన్ని కాదన్న చోటు అది. ఆ పల్లెల్లో మనుషుల ఫొటోలు తీయడం, పిలవకుండా గుంపుగా దిగడం తగని పని. "నియంగిరి శిఖరం, ట్రైబల్ విలేజ్ విజిట్" అని కలిపి అమ్మేవాడు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపడడు.

గడియారంతో లెక్క

నడక ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి పాత లెక్కొకటుంది, 1892 నాటిది, నైస్మిత్ లెక్క అంటారు. చదునున ఐదు కిలోమీటర్లకి గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి అదనంగా ఇంకో గంట. అది అలవాటున్న ఒంటరి మనిషికి. కొత్తవాళ్ళు కలిసిన గుంపుకి వచ్చినదాన్ని ఒకటిన్నరతో హెచ్చించండి.

ఉదాహరణకి నిర్వాహకుడు "ఒక వైపు 8 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు" అన్నాడనుకుందాం. దూరానికి గంటా ముప్పైఆరు నిమిషాలు, ఎత్తుకి గంటన్నర, కలిపి మూడు గంటలు పైచిలుకు. గుంపుకి నాలుగున్నర దాటి ఇంకో పది నిమిషాలు. ఆరింటికి అడుగేస్తే పదీ నలభైకి పైన ఉంటారు. ఫొటోలకీ భోజనానికీ గంటంపావు తీసేస్తే పన్నెండుకి దిగడం మొదలు. దిగేటప్పుడు మోకాళ్ళు బ్రేకులేస్తాయి కాబట్టి మూడున్నర గంటలు వేసుకోండి. మూడున్నరకి బండి దగ్గర. డిసెంబరు మధ్యలో ఇక్కడ ఐదుంబావు, ఐదూ ఇరవైఐదు మధ్యలోనే పొద్దు గూకుతుంది. చేతిలో ఇంకా గంటన్నర పైన మిగులుతుంది. కాలు మడతపడ్డ మనిషిని నడిపించుకు రావడానికి ఆ గంటన్నరే మన పెట్టుబడి.

అదే పోస్టరు "ఉదయం 6కి ఊళ్ళో బయల్దేరతాం" అంటే? ప్రయాణం నాలుగు గంటలనుకోండి. పదింటికి నడక మొదలు, రెండూ నలభైకి పైన, ఫొటోలూ భోజనమూ తొందరగా కానిచ్చినా మూడున్నరకి దిగడం మొదలు. కిందికి చేరేసరికి ఏడు. ఆఖరి గంటన్నర అడవిలో చీకట్లో, సెల్‌ఫోన్ లైటుతో. గజపతి, శ్రీకాకుళం సరిహద్దు అడవుల్లో ఏనుగులు తిరుగుతుంటాయి, సాయంత్రం గుంపు చెల్లాచెదురుగా నడవడానికి అది చోటు కాదు. అందుకే ఒక్కరోజు ట్రెక్కన్నా ముందు రాత్రి దగ్గర్లో పడుకోవడం దాదాపు తప్పనిసరి. మహేంద్రగిరికి పర్లాకిమిడిలో, దేవమాలికి సునాబెడ లేదా కోరాపుట్‌లో గదులు దొరుకుతాయి. రాయగడ వాళ్ళకి కోరాపుట్ దాకా, గుణుపురం వాళ్ళకి పర్లాకిమిడి దాకా రైలుంది.

ఎక్కడున్నా సరే, ఇన్నింటికి వెనక్కి తిరిగిపోతాం అన్న గడువొకటి ముందే చెప్పించుకోండి. శీతాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర మంచి గడువు. "చూద్దాం సార్, అందరూ ఎక్కేదాకా ఆగుదాం" అనే గైడు మంచివాడే కావచ్చు, కొండకి మాత్రం పనికిరాడు.

ఏ నెల

నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా రెండు కొండలకీ బాగుంటుంది. అక్టోబరు గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే దసరా బుకింగులన్నీ అప్పుడే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర అక్టోబరు 12నే. 2018లో తిత్లీ పలాస దగ్గర అక్టోబరు 11న. తిత్లీ వానలకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంతోమంది పోయారు. ఆ వారానికి అడ్వాన్సు కట్టేటప్పుడు వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా, మింగేస్తారా, మూడిట్లో ఏదో వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. తుఫాను దాటిన వారం కూడా చరియలు నానే ఉంటాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ కంటే పిడుగు పెద్ద సమస్య. పొద్దుట నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నం దాటాక మూసుకొస్తుంది. దేవమాలి గడ్డి వీపు మీద అన్నిటికంటే ఎత్తయిన వస్తువు మనమే అవుతాం. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉందని అర్థం, అప్పుడు ఫొటో ఆపి దిగడమే. ఒంటరి చెట్టు కిందా, దీపస్తంభాల పక్కనా నిలబడొద్దు. ఇనుప పైకప్పు ఉండి, తలుపులు మూసిన జీపు మంచి చోటు.

వానాకాలం పచ్చగా ఉంటుంది, జలగలూ ఉంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మానుకోండి. మహాశివరాత్రికి మహేంద్రగిరి మీద జాతర. అప్పుడు దారంతా మనుషులతో నిండి ఉంటుంది కాబట్టి తప్పిపోయే భయం లేదు, నిశ్శబ్దం కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం ఆ రోజు కాదు.

నిర్వాహకుణ్ణి ఎంచుకోవడం

బస్సు నిండా నలభైమందిని ఎక్కించి ఇద్దరు గైడుల్ని పెట్టే పద్ధతి చవక. నడకలో అది గంటలోపే మూడు గుంపులుగా విడిపోతుంది: కుర్రాళ్ళు ముందు, గైడు వాళ్ళతో, వెనక మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎవరికీ పట్టకుండా. ఎనిమిది, పదిమందికి ఒక గైడు, దానికి తోడు అందరికంటే వెనక నడిచే మనిషొకడు విడిగా ఉండాలి. వెనక మనిషి ఎవరు, పేరేంటి అని అడిగి చూడండి. టక్కున చెబితే నిజంగా ఉన్నాడు. "మా వాళ్ళెవరో ఒకరుంటారు లెండి" అంటే లేడు.

ఇంకో దారుంది. ఆరేడుగురు కలిసి జీపు మాట్లాడుకుని, కింది పల్లెలో గైడుని కుదుర్చుకోవడం. ఒకే ఊరివాళ్ళయితే మాకు ఇదే నచ్చుతుంది: డబ్బు నేరుగా ఆ పల్లెకి చేరుతుంది, వెనక్కి తిరగాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. లోటు భాషతో. కోరాపుట్ వైపు పల్లెల్లో దేశియా అనే అక్కడి ఒడియా యాస నడుస్తుంది, ఒడియా వచ్చినా తడుముకోవాలి. మహేంద్రగిరి వైపు సవరలు సంతల కోసం ఆంధ్రలోకి వచ్చిపోతుంటారు కాబట్టి తెలుగుతో పని జరిగే చోట్లు ఎక్కువ. కూలి ముందే తేల్చుకోండి, మధ్యాహ్నం భోజనం మనదా వాళ్ళదా అన్నదీ తేల్చుకోండి. జీలుగు కల్లు మర్యాదకి ఇస్తారు. దిగాక పుచ్చుకోవచ్చు, ఎక్కే ముందు గైడుకీ వద్దు, మీకూ వద్దు.

"ఆక్సిజన్ సిలిండరు ఉంటుంది" అని గొప్పగా రాసిన ప్యాకేజీలున్నాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2500 మీటర్ల పైన మాట. ఇక్కడ అది అలంకారం. ఆ సిలిండరు బదులు క్రేప్ బ్యాండేజీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజు, ఒక పొడవాటి తాడు, రెండు హెడ్‌లైట్లు ఉన్నాయా అని అడగండి. దగ్గరి పెద్దాసుపత్రి ఏదో గైడుకి తెలియాలి: దేవమాలికి కోరాపుట్ మెడికల్ కాలేజీ, మహేంద్రగిరికి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి, అక్కడా కాకపోతే బరంపురం. 108కి ఫోను చేయాలంటే సిగ్నలు దొరికే మలుపు ఎక్కడో పైకి ఎక్కేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

చెప్పులు, నీళ్ళు, మూట

నడకలు చెడేది ఎక్కువగా బూట్ల దగ్గరే, అదీ పాతవాటితో. నాలుగైదేళ్ళ కింద కొని, రెండుసార్లు తొడిగి బీరువాలో పెట్టిన బూట్లు పైకి కొత్తగా కనిపిస్తాయి. మన తేమకి లోపలి నురగ సోలు కూర్చున్న చోటే చివికిపోతుంది. వారం ముందు తీసి, మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. పొడి రాలినా, బీట కనిపించినా, ముందు భాగం వంచినప్పుడు అంచు పెదవిలా తెరుచుకున్నా వాటిని కొండకి తీసుకెళ్ళొద్దు. దారిలో ఊడితే పాదం కిందుగా తాడు తిప్పి చీలమండ దగ్గర కట్టుకుని దిగొచ్చు, అందుకే మీ సంచీలో రెండు మీటర్ల తాడొకటి ఉండాలి. చలికాలం ఎండిన గడ్డి, దాని కింద గులకరాళ్ళు, దేవమాలి దిగుడులో నున్నటి సోలుకి ఇంతకంటే జారుడు ఉండదు. కాలి గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముక్కుకి గుద్దుకుని గోరు నల్లబడడం చాలామందికి మర్నాడు గాని తెలియదు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, అందులో ఒక లీటరులో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు పూర్తిగా కలపండి. ప్యాకెట్టుని అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. పొద్దుట చోడి అంబలి తాగి బయల్దేరితే పదిన్నర దాకా ఆకలి అడగదు. దారిలోకి అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, నిమ్మకాయ పులిహోర. పూరీ కూర ప్యాకెట్లు నిర్వాహకులకి సులువు, ఎక్కేవాళ్ళకి నూనె త్రేన్పులు. షుగరు మందులు వాడేవాళ్ళు ఆ రోజు మోతాదు గురించి ముందే డాక్టర్ని అడగాలి, బెల్లం ముక్క జేబులో ఉండాలి, సంచీలో కాదు.

ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్ళతో అయితే దేవమాలికి బండి మీద, పొద్దెక్కాక, చెవులు కప్పుకుని. మొదటిసారి నడిచేవాళ్ళకి దేవమాలే, కానీ కింది పల్లె నుంచి కాలిబాటన: అలసిపోతే పైన బండి దొరుకుతుంది, ఆ వెసులుబాటు మహేంద్రగిరి అడవి దారిలో ఉండదు. రోజూ గంట నడిచే అలవాటుండి, మెట్లు ఆగకుండా ఎనిమిది అంతస్తులు ఎక్కగలిగినవాళ్ళు పన్నెండుమందికి మించని గుంపుతో మహేంద్రగిరికి. స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టార్లు ఏ కొండయినా సరే బండి దారి వైపే ఎంచుకోండి, లెక్కపెట్టడానికి పిల్లలు కళ్ళ ముందుంటారు.

తిరిగొచ్చాక నెల లోపు జ్వరం వస్తే మాత్రం "అలసట" అని పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకండి. ఈ జిల్లాలు మలేరియాకి పాత చిరునామాలు, ముందు రాత్రి పల్లెలో పడుకున్నవాళ్ళకి ఇంకా. పొదల్లో కూర్చున్నవాళ్ళకి స్క్రబ్ టైఫస్ అనే, సన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం కూడా రావచ్చు. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ కింద సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి, నొప్పి ఉండదు కాబట్టి వెతికితేగాని కనబడదు. కొండకి ఏ తేదీన వెళ్ళారో డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.